పదీ నలభై బిస్కెట్

హాలిన్‌బ్రూక్‌లో పొద్దున పదీ నలభైకి ఎవరింటి తలుపూ తట్టకూడదు. తట్టినా తియ్యరు. ఆ వేళకి ఊరంతా టీ కలుపుకుని, బిస్కెట్ల డబ్బా మూత తీసి పెట్టుకుని, రెజ్ ఎంట్విజిల్ నోటి వంక చూస్తూ ఉంటుంది. రేడియోలో నోరెలా కనిపిస్తుందయ్యా అని అడిగితే, మీరు ఈ లోయలో పుట్టినవాళ్ళు కారన్నమాటే.

రెజ్ మూర్‌సైడ్ రేడియోలో పది నుంచి పన్నెండు దాకా మాట్లాడతాడు. పాటలు వేస్తాడు, ఎవరి పిల్లి తప్పిపోయిందో చెబుతాడు, వానను నోరారా తిడతాడు. సరిగ్గా పదీ నలభైకి గొంతు సవరించుకుని, "ఇవాళ్టి బిస్కెట్..." అని ఆగుతాడు. అతని గొప్పతనమంతా ఆ ఆగడంలోనే ఉంది. ఆ తర్వాత కస్టర్డ్ క్రీమ్ అంటాడో, అల్లం బిస్కెట్ అంటాడో, ఏదంటే అది. ఇంగ్లాండులోని లాంకషైర్ కొండల మధ్య కొన్ని వేలమంది ఒక్కసారిగా దాన్నే టీలో ముంచుతారు. ఆ రకం ఇంట్లో లేనివాళ్ళు ఉత్త టీ తాగి, ముఖం మాడ్చుకుని కూర్చుంటారు.

ఏ రోజున ఏ బిస్కెట్ చెప్పాడో మీకు కావాలా? డోరీన్ ఆష్‌వర్త్ వెబ్‌సైట్ చూడండి. పందొమ్మిదివందల తొంభై ఎనిమిది సెప్టెంబరు నుంచీ ఒక్క రోజు పొల్లుపోకుండా ఉంటుంది. తేదీ, వారం, బిస్కెట్ పేరు, దానితో పాటు రెజ్ వాగిన వాగుడు, చివర్న "విన్నది" అని రాసి విన్నవాళ్ళ పేరు. మీగడ రంగు పేజీ, గోధుమ రంగు అక్షరాలు, మూలన ఆవిరి కక్కే టీ కూజా బొమ్మ. ఇరవై ఏడేళ్ళుగా ఆ కూజా అలా ఆవిరి కక్కుతూనే ఉంది. పేజీని కాస్త కొత్తగా చెయ్యమన్నవాళ్ళందరికీ డోరీన్ ఒకటే జవాబు చెప్పింది: "కూజా బాగానే మరుగుతోంది కదా, నీకేం నొప్పి?"

పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంటుంది. "ఇక్కడ రాసిన ప్రతి ముక్కా చెవితో విన్నదే." డోరీన్ ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో టైం టేబుళ్ళు తయారుచేసిన మనిషి. ఏడో నంబరు బస్సు ఆక్రాయిడ్ వీధి మలుపుకి పదీ పన్నెండుకు వస్తుందని ఆవిడ రాసిందంటే, పదీ పదమూడుకు వచ్చిన డ్రైవరు ఆవిడకి సంజాయిషీ చెప్పుకోవాల్సిందే. అలా చెప్పుకోవడానికి వచ్చి, కొండ ఎక్కడానికి ఇంకో మూడు నిమిషాలు కావాలని ఆవిడతో తొమ్మిదేళ్ళు పోట్లాడిన డ్రైవరు పేరు క్లిఫ్ ఆష్‌వర్త్. చివరికి ఆ మూడు నిమిషాలూ ఇవ్వలేదు కానీ, యాభై రెండో ఏట అతన్ని పెళ్ళి చేసుకుంది.

రెజ్‌ని మాత్రం డోరీన్ ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. కావాలనే చూడలేదు. "పరిచయమైతే మొహమాటం వస్తుంది, మొహమాటం వస్తే నిజం రాయలేం" అనేది. ఒకసారి రెజ్ ఒకే వారంలో షార్ట్‌బ్రెడ్ రెండుసార్లు చెప్పాడు. డోరీన్ ఆ వరస పక్కన "పొరపాటున రెండోసారి" అని నిర్మొహమాటంగా రాసింది. మర్నాడు రేడియోలో రెజ్, "మా జాబితా దొరసానికి క్షమాపణలు, బుద్ధొచ్చింది" అన్నాడు. ఆ రోజు డోరీన్ టీలో బిస్కెట్ ముంచి, తియ్యడం మరిచిపోయింది.

ఇంత నిక్కచ్చి మనిషి కడుపులో ఇరవై ఒక్కేళ్ళుగా ఒక అబద్ధం ఉంది. ఒక్కటే. కానీ ఉంది.

అది ఆవిడ పెళ్ళిరోజు నాటిది. రెండువేల నాలుగు, ఏప్రిల్ పదహారు, శుక్రవారం. మధ్యాహ్నం ముహూర్తం ఇవ్వమని రిజిస్ట్రారు ఆఫీసు వాళ్ళని ఎంత బతిమాలినా, పదిన్నర తప్ప ఖాళీ లేదన్నారు. పదిన్నరకి పెళ్ళయితే పదీ నలభైకి ఎక్కడుంటుంది? సంతకాల దగ్గర ఉంటుంది. ముందురోజు సాయంత్రం నార్మన్ క్రాషా వచ్చాడు. నార్మన్ రెండు వీధుల అవతల ఉండే పావురాల పెంపకందారు, మొదటినుంచీ ఆ వెబ్‌సైట్‌కి ఆవిడ కుడిభుజం.

"రేపు నేను విని రాసిపెడతాలే డోరీన్. నువ్వు నిశ్చింతగా పెళ్ళి చేసుకో."

"అక్కర్లేదు నార్మన్. మా ఇంట్లో టేపు రికార్డరు ఉంది. పెళ్ళైనా సరే, నా జాబితా నేనే రాసుకుంటాను."

"ఒక్క రోజేగా."

"ఒక్క రోజైనా సరే అన్నాను కదా!"

మర్నాడు ఇంట్లోంచి బయల్దేరుతూ, పూలగుత్తి చేతిలో పట్టుకుని, "క్లిఫ్, రెండు బొత్తాలూ కలిపి నొక్కు" అని గడపలోంచి అరిచింది. మెడకి టై బిగుసుకుపోయి కొట్టుకుంటున్న క్లిఫ్ "నొక్కాను" అన్నాడు. పెళ్ళయింది, భోజనాలయ్యాయి, మూడింటికి ఇంటికొచ్చి, పెళ్ళి గౌనుతోనే కూర్చుని టేపు వెనక్కి తిప్పి వింటే, రెజ్ లేడు. ఎప్పటిదో పాత బ్యాండు మేళం భోంభోం అంటోంది.

నార్మన్‌కి ఒక్క ఫోను కొడితే సరిపోయేది. కానీ ముందురోజు అంత ఠీవిగా అక్కర్లేదన్నాక, ఏ ముఖం పెట్టుకుని అడుగుతుంది? ఖాళీగా వదిలేస్తే? ఆరేళ్ళలో ఒక్క ఖాళీ లేని జాబితా. శుక్రవారాలు రెజ్ ఎక్కువగా అల్లం బిస్కెట్ చెప్పేవాడు. డోరీన్ వేళ్ళు వాటంతటవే కదిలాయి. "అల్లం బిస్కెట్. విన్నది: డోరీన్." అంతే. క్లిఫ్‌తో ఒక్క మాట అనలేదు. పెళ్ళినాడే మొగుణ్ణి బొత్తాం నొక్కడం రాదని ఏం దెప్పుతుంది పాపం.

ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క ఉత్తరం రాలేదు. ఎవరూ గమనించలేదనుకుంది.

నాలుగేళ్ళ తర్వాత జరిగిందే అసలు ఘోరం. డోరీన్, క్లిఫ్ వారం రోజులు సముద్రపు గట్టుకి వెళ్తూ జాబితాను నార్మన్‌కి అప్పగించారు. గురువారం నాడు సరిగ్గా పదీ నలభైకి నార్మన్ చెవి మిషను బ్యాటరీ చచ్చిపోయింది. కొత్తది పెట్టేలోపు రెజ్ పాటలోకి వెళ్ళిపోయాడు. నార్మన్ "డైజెస్టివ్" అని రాసేశాడు. ఆ రోజు చెప్పింది అంజూరం బిస్కెట్. ఎవరో అమాయకుడు ఆ సంగతి ఉత్తరం రాసి మరీ చెప్పాడు.

డోరీన్ అగ్గిమీద గుగ్గిలమైంది. "వినని మాట విన్నానని రాస్తావా? నా పేజీలో?" అని ఊరు వినేలా అరిచింది. మొదటి పేజీ మీద ఎర్ర అక్షరాలతో, "వినకుండా రాసినందుకు నార్మన్ క్రాషా ఇక ఈ జాబితాకు పనిచేయరు" అని పెట్టింది. అంత కోపం ఎందుకొచ్చిందో ఆవిడకి తెలుసు. తిడుతున్నది నార్మన్‌ని కాదు. తెలిసినా ఆపుకోలేకపోయింది. నార్మన్ టోపీ చేతిలో పట్టుకుని అంతా విన్నాడు. ఏదో అనబోయాడు. మళ్ళీ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పదిహేడేళ్ళు. రెండు వీధుల దూరం. దుకాణంలో ఎదురుపడితే ఆయన తలూపేవాడు, ఈవిడ పాల సీసాల మీద తేదీలు చదివేది.

ఈ ఏడు ఏప్రిల్‌లో రెజ్ తన మామూలు గొంతుతోనే బాంబు పేల్చాడు. మే నెల ఆఖరి శుక్రవారంతో తన మాటలు ఆఖరట. డెబ్బై నాలుగేళ్ళొచ్చాయట, ఇక తన బిస్కెట్లు తనే తింటాడట. హాలిన్‌బ్రూక్‌లో ఆ రోజు మధ్యాహ్నం భోజనాలు సయించలేదంటే నమ్మండి. ఆ వారంలోనే జిల్లా పత్రాల కార్యాలయం నుంచి ఫర్జానా మీర్జా అనే అమ్మాయి డోరీన్ ఇంటికొచ్చింది. కళ్ళజోడు, వాన కోటు, చేతిలో ఒక ఫైలు.

"డోరీన్ గారూ, మీ జాబితా మొత్తం మా దగ్గర భద్రం చేద్దామనుకుంటున్నాం. మా నానమ్మకి ఇంగ్లీషు వచ్చింది ఈ రెజ్ బిస్కెట్లతోనే తెలుసా?"

డోరీన్ చేతిలో కప్పు బల్ల మీద పెట్టేసింది. మిల్లు యజమానుల ఉత్తరాలూ, చర్చి పుస్తకాలూ దాచే చోట తన బిస్కెట్లా!

"నీ పేజీ నా మొదటి బస్సుకన్నా పాతగా కనిపిస్తోందని ఎప్పుడో చెప్పాను. వాళ్ళకి పాతవే కావాలి" అన్నాడు క్లిఫ్ వంటింట్లోంచి.

"ఈ కాగితం మీద ఒక్క సంతకం చాలండి" అంది ఫర్జానా. "ఇందులో ఉన్నదంతా రాసినవాళ్ళు స్వయంగా విన్నదే అని."

డోరీన్ కలం మూత తీసింది. మళ్ళీ పెట్టింది. "ఒకవేళ... ఒక్క వరస తప్పైతే ఏమవుతుందమ్మా?"

"తప్పు వింటే ఫరవాలేదండీ, అందరూ పొరబడతారు. కానీ వినకుండా కల్పించినది ఒక్కటున్నా, మిగతా ఆరువేలూ ఎలా నమ్మాలని మా పై ఆవిడ అడుగుతుంది కదా." ఫర్జానా నవ్వింది. "మీ విషయంలో ఆ బెంగ లేదనుకోండి."

"ఆఖరి రోజున అందరి ముందూ పెడతానులే" అంది డోరీన్. ఊళ్ళోని చిన్న చర్చి, చాపెల్ హాల్లో అందరూ కలిసి రెజ్ ఆఖరి ప్రోగ్రాం వినబోతున్నారు, అక్కడికి కాగితం తెస్తానని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

ఆ నెలంతా డోరీన్ మనిషి మనిషిలా లేదు. టీలో ఉప్పేసింది. చివరికి ఆఖరి బుధవారం నాడు, బంగాళాదుంపలు చెక్కుతూ చెక్కుతూ, క్లిఫ్‌కి అంతా కక్కేసింది.

క్లిఫ్ ముందు నవ్వాడు. "అంటే నేను నొక్కలేదా?"

"ఒక్కటే నొక్కావు! రెండూ కలిపి అని గొంతు చించుకున్నానా లేదా?"

"ఒకటి నొక్కితే లోపలికెళ్ళింది. ఇక రెండోది దేనికనుకున్నాను." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇరవై ఒక్కేళ్ళూ ఈ మాట నాతో అనకుండా ఎలా ఉన్నావే? ఉప్పు ఎక్కువేశావని నేనొక్కసారి అన్నందుకే ఏడాది సాధించావు!"

"హాస్యాలొద్దు క్లిఫ్. ఏం చెయ్యను?"

"సంతకం పారెయ్. ఎవడు చూడొచ్చాడు? బిస్కెట్టే కదా, ఎవరి కొంపలూ మునగలేదు."

"నార్మన్ కొంప ముంచాను కదా!" అంది డోరీన్. చేతిలో కత్తి గిన్నెలో పడింది. "ఇదే పని చేశాడని ఊరందరి ముందూ పేరు పెట్టి వెళ్ళగొట్టాను. నేను ముందే చేసి కూర్చుని! ఇప్పుడు దాని మీద సంతకం కూడా పెట్టనా?"

క్లిఫ్ ఇక నవ్వలేదు. బంగాళాదుంపల గిన్నె తన వైపు లాక్కుని, "అయితే వెళ్ళి రాయి. ఇవి నేను చూసుకుంటాను" అన్నాడు.

మర్నాడు గురువారం పొద్దున, ఆవిరి కక్కే కూజా కింద, ఎర్ర అక్షరాలతో ఇలా కనిపించింది: "2004 ఏప్రిల్ 16న అల్లం బిస్కెట్ అని రాశాను. నేను వినలేదు. కల్పించాను. ఆ రోజు నా పెళ్ళి, కానీ అది సాకు కాదు. తర్వాత ఇదే తప్పుకు నార్మన్ క్రాషాను ఈ పేజీ మీదే అవమానించాను. అతని తప్పు కంటే నా తప్పు పాతది. నార్మన్, నన్ను క్షమించు. జాబితాను ఎవరూ నమ్మకపోతే ఆ పాపం నాది. డోరీన్ ఆష్‌వర్త్." రాసి, కంప్యూటరు కట్టేసి, ఫోను తీసి పక్కన పెట్టేసింది.

శుక్రవారం చాపెల్ హాలుకి బయల్దేరి, ఆవిడ గేటు దగ్గర్నుంచి మూడుసార్లు వెనక్కి తిరిగింది. "నేను నడిపిన ఏడో నంబరైనా ఇంతకన్నా తొందరగా కదిలేది" అంటూ క్లిఫ్ రెక్క పట్టుకుని తీసుకెళ్ళాడు. హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. మధ్యలో బల్ల మీద రేడియో, చుట్టూ టీ కూజాలు. డోరీన్ లోపల అడుగు పెట్టగానే తలలన్నీ గుమ్మం వైపు తిరిగాయి. ఫర్జానా ఒక మూల ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేజీ చదివే వచ్చిందని ఆ అమ్మాయి ముఖమే చెబుతోంది. టీ కాచే హిల్డా ఏదో పళ్ళెం మీద తువ్వాలు కప్పి, "ముట్టుకున్నారంటే చేతులు విరుస్తా" అని అందరినీ అదిలిస్తోంది.

రేడియో పక్క కుర్చీలో నార్మన్. టోపీ ఒళ్ళో ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ళ ముసలాయన, రెండు చెవులకీ మిషన్లు.

డోరీన్ తిన్నగా వెళ్ళి ఆయన ముందు నిలబడింది. "నార్మన్. చదివావా?"

"చదివాను."

"తిట్టు మరి. తిట్టేసెయ్, నాకు ప్రాణం కాస్త తెరిపిన పడుతుంది."

"తిట్టడానికేముంది డోరీన్? నాకు ఆ రోజు నుంచే తెలుసు."

"ఏ రోజు నుంచి?"

"నీ పెళ్ళిరోజు నుంచి. నేను రేడియో వింటూనే ఉన్నాను కదా! సాయంత్రం నీ పేజీ తెరిస్తే అల్లం బిస్కెట్ అని ఉంది. ఓహో, టేపు పని చెయ్యలేదన్నమాట అనుకున్నాను."

హిల్డా ఉండబట్టలేకపోయింది. "మాకందరికీ తెలుసే తల్లీ! ఈయన ఆ సాయంత్రమే ఇంటింటికీ ఫోన్లు చేశాడు. పెళ్ళికూతురు పొరబడింది, ఎవరైనా నోరెత్తారో నా పావురాల్ని మీ ఉతికిన బట్టల మీదికి వదుల్తానన్నాడు. ఎవరు మాట్లాడతారు?"

నలభై మందీ టీ కప్పుల్లోకి చూస్తున్నారు. ఇరవై ఒక్కేళ్ళు! ఒకావిడని నొప్పించడం ఇష్టంలేక ఊరు ఊరంతా నోరు కుట్టేసుకుని కూర్చోగలిగేది ఈ లోయలోనేనేమో.

"మరి నేను నిన్ను అంతలేసి మాటలన్నప్పుడు?" అంది డోరీన్. "ఆ రోజు ఒక్క మాట అంటే నా నోరు మూతపడేది కదా నార్మన్! ఎందుకు అనలేదు?"

నార్మన్ టోపీని ఒకసారి గుండ్రంగా తిప్పాడు. "నోటిదాకా వచ్చింది. కానీ అది నీకు నేనిచ్చిన పెళ్ళికానుక. ఇచ్చిన కానుక వెనక్కి లాక్కుంటారా ఎవరైనా?"

డోరీన్ అందరి ముందూ భోరుమని ఏడ్చేసింది. క్లిఫ్ జేబురుమాలు ఇచ్చాడు. అది అప్పటికే తడిసి ఉంది.

"ఇంతకీ ఆ రోజు ఏం చెప్పాడు?" అంది ముక్కు చీదుకుంటూ. "ఏ బిస్కెట్?"

"నువ్వే అడుగుతావని ఇన్నేళ్ళు చూశాను" అన్నాడు నార్మన్. ఇంతలో హిల్డా చెయ్యెత్తి, "ష్! పదీ నలభై!" అంది.

రేడియోలో రెజ్ గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ్టి బిస్కెట్..." ఆగాడు. ఎప్పటికన్నా ఎక్కువసేపు ఆగాడు.

"నిన్న మా జాబితా దొరసాని పేజీ చదివాను. రోజూ చదువుతాను, లేకపోతే నిన్న ఏం చెప్పానో నాకేం గుర్తుంటుంది? ఇరవై ఒక్కేళ్ళ కిందట ఒక శుక్రవారం నేను చెప్పింది ఆవిడ వినలేదట. అల్లం బిస్కెట్ అని చూసి, ఈవిడకి నా మాట నచ్చలేదు కాబోలు అని మనసు కష్టపెట్టుకుని ఊరుకున్నాను. అందుకని ఆ రోజు చెప్పిందే మళ్ళీ చెబుతాను. వినండి. ఇవాళ బిస్కెట్ లేదు. ఇవాళ పెళ్ళికేకు. మా జాబితా దొరసాని డోరీన్ ఇవాళ పెళ్ళి చేసుకుంటోందని, పెళ్ళికొడుకు మూడు నిమిషాల పోట్లాటతో సహా, నార్మన్ కార్డు రాశాడు. నేను వాగిన ప్రతి పిచ్చిమాటా దాచిపెట్టిన మనిషి, ఈ ఒక్క పూట నన్ను వినకుండా హాయిగా ఉండాలి. ఆవిడ బదులు మీరెవరైనా విని చెప్పండి. క్లిఫ్, అబ్బాయ్, కొండ ఎక్కడానికి ఆ మూడు నిమిషాలూ ఇవాళ నేనిస్తున్నాను."

పాట మొదలైంది. హిల్డా తువ్వాలు తీసింది. కింద ఎండుద్రాక్షల కేకు, పైన తెల్లని పంచదార పూత.

"నిన్న నీ పేజీ చదివి చేశాను. రెజ్ ఇలా అంటాడని నాకేం తెలుసు?" అంది కోస్తూ. "ఆ రోజు రెజ్ మాట విని ఊరంతా నీ పేరున కేకు తింది, పెళ్ళికూతురివి నువ్వొక్కదానివే ఆ ముక్క తినలేదు."

నలభై మందీ కేకు ముక్కల్ని టీలో ముంచారు. కేకు టీలో ముంచకూడదని ఎవరూ అనలేదు.

ఫర్జానా కాగితం తెచ్చి డోరీన్ ముందు పెట్టింది. "నిన్న పేజీ చూసి మా పై ఆవిడ నాకు ఫోను చేసింది. ఇరవై ఒక్కేళ్ళ తర్వాత ఒక బిస్కెట్ గురించి ఒప్పుకునే మనిషి రాసిన జాబితాని నమ్మకపోతే, ఇక మన కార్యాలయంలో ఏ కాగితాన్నీ నమ్మలేం అంది. ఇప్పుడు పెడతారా సంతకం?"

"ఆగమ్మా. ముందు ఒక వరస మార్చాలి."

డోరీన్ సంచిలోంచి, పేజీకి ఎక్కించే ముందు రాసుకునే పాత నోటుపుస్తకం తీసి, రెండువేల నాలుగు ఏప్రిల్ దగ్గర తెరిచింది. అల్లం బిస్కెట్‌ను తన పెన్సిలుతోనే కొట్టేసింది. ఆ పెన్సిలును ఈ ఇరవై ఏడేళ్ళలో క్లిఫ్‌నైనా ముట్టుకోనివ్వలేదు. దాన్ని నార్మన్ చేతిలో పెట్టింది.

నార్మన్ కళ్ళజోడు సర్దుకుని, నెమ్మదిగా రాశాడు. "పెళ్ళికేకు." తర్వాత "విన్నది" అని రాసి ఆగి, ఆవిడ వంక చూశాడు.

"నీ పేరు రాయి నార్మన్" అంది డోరీన్. "విన్నది నువ్వే కదా."